ఆటవెలదికి ఎర్రసిరా

బడి గంట కొట్టేలోగా నలభై జవాబు పత్రాలు దిద్దిపారేయాలని ఆ ఉదయం తెలుగు మాస్టారు నడుం బిగించారు. ఎర్రకలం చేతికొస్తే ఆయనకు ఒళ్లు తెలియదు. కళ్లద్దాల దుకాణం నడిపే బావమరిది, లైబ్రరీలో పనిచేసే అమ్మాయి మీద రాసిన ఆటవెలది పద్యం కూడా ఆ దొంతరలోనే ఉంది. పైన ఆమె పేరు, కింద తన పేరు రాసిన ఆ కాగితాన్ని, ఛందస్సు చూసిపెట్టమని బతిమాలి ఇచ్చిపోయాడు. మాస్టారు దాన్నీ అదే ఊపులో దిద్ది, నలిగిపోకుండా ఓ పుస్తకంలో దాచారు.

సాయంత్రం బావమరిది రానే వచ్చాడు. పుస్తకం మాత్రం కనబడలేదు.

"అది లైబ్రరీది కదండీ! గడువు దాటుతోందని మీరు బడికి వెళ్లగానే ఇచ్చేసి వచ్చాను" అంది భార్య.

బావమరిది ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "రెండేళ్లుగా ధైర్యం కూడగట్టుకుంటున్నాను బావా! ఇంతకీ దాని మీద ఏం రాశావు?"

మాస్టారు నసిగారు. "రెండో పాదంలో యతి లేదన్నాను. నాలుగు పాదాల్లో అయిదుసార్లు ‘నీవు’ వచ్చిందని సున్నాలు చుట్టాను. పదికి మూడు వేశాను."

"అంతేనా?"

"అలవాటు కొద్దీ... ‘తండ్రి సంతకంతో తీసుకురావలెను’ అని కూడా రాశాను."

"కొంప ముంచారు! ఆ అమ్మాయి నాన్న రిటైరైన తెలుగు పండితుడండీ!" అంటూ భార్య కుర్చీలో కూలబడింది.

అంతలో తలుపు చప్పుడైంది. తీస్తే ఎదురుగా పండితుడు, చేతిలో ఆ కాగితం, వెనకాల కూతురు. బావమరిది ఒక్క అంగలో తలుపు చాటుకు చేరాడు.

"దీన్ని దిద్దిన మహానుభావుడు ఎవరు?"

"నేనేనండీ" అన్నారు మాస్టారు.

"కుర్రాడు యతి బదులు ప్రాస వేశాడు. ఆటవెలదిలో ప్రాసయతి చెల్లుతుందని తెలియదూ? మార్కులు ఎలా కోస్తారు?"

"పొరపాటైపోయిందండీ."

"నాకు యతులూ గితులూ తెలియవండీ" అంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ. "మీరు సున్నాలు చుట్టకపోతే, నాలుగు పాదాల్లో ఆయన నన్ను అయిదుసార్లు పిలిచారని గమనించేదాన్నే కాదు."

"మీరు అడిగిన సంతకం పెట్టాను, చూసుకోండి. ఇక ఆ తలుపు చాటునున్న కవిగారిని బయటికి రమ్మనండి" అన్నాడు పండితుడు.

మాస్టారి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో తన దిద్దుబాటు తప్పని తేలినందుకు ఆయన సంతోషించడం అదే మొదలు.