ఫిర్యాదుదారుల ఏసీ

మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది, తర్వాత చక్రాన్ని కనిపెట్టింది, చివరికి రెండూ కలిపి క్యాంపర్ వ్యాన్ అనే కదిలే ఇంటిని కనిపెట్టి, అందులో ఉడికిపోవడానికి సెలవు పెట్టుకుని మరీ వెళ్తోంది. మలేషియాలో బంటింగ్ ఊరు దాటాక సముద్రపు ఒడ్డున వ్యాన్లు ఆపుకునే పార్కుకు పాట్రిక్ కూడా అలాగే వెళ్లాడు, భార్య సూసన్‌ని, అత్తగారు జోసఫీన్‌ని వెంటబెట్టుకుని. వ్యాను పాతది, మోజు కొత్తది. అత్తగారు ఒక్క మధ్యాహ్నం అందులో చల్లగా కునుకు తీస్తే వ్యాను ఉంటుంది, లేదంటే అమ్మేయాలని సూసన్ తీర్పు. (అప్పీలు లేదు.)

అత్తగారు పడుకుంది. ఏసీ గుర్రుమంది. పాట్రిక్ ప్రాణం కుదుటపడింది. అంతలో బయట కరెంటు పెట్టెలో బ్రేకర్ టక్కున పడిపోయింది.

"ఏటి బాబూ, నన్ను ఇడ్లీలాగ ఉడకేసేద్దామనా?" అంది అత్తగారు కళ్లు తెరవకుండానే.

పాట్రిక్ రైస్ కుక్కర్ పీకేశాడు. కెటిల్ పీకేశాడు. చుట్ట చుట్టి ఉన్న వైరును విప్పి పరిచాడు, ఏసీ ఫిల్టరు దులిపాడు, ప్రభువును తలుచుకుని బ్రేకర్ ఎత్తాడు. నిలబడింది. ఎందుకైనా మంచిదని పార్కువారి విద్యుత్ సామరస్య విభాగానికి వెళ్లాడు.

అధికారి పైడయ్య లేచి నిలబడి నమస్కరించాడు. ఫిర్యాదుదారుణ్ని చెమటతో కూర్చోబెట్టరాదని ఆ విభాగం మొదటి నిబంధన. (రెండో నిబంధన ఇంకా రాయలేదు.)

"ముందు కూకోండి. సల్లబడినాక సెప్పండి," అంటూ ఏసీ వేశాడు.

వెంటనే సూసన్ ఫోన్ చేసింది. "మళ్లీ పడిపోనాది."

పాట్రిక్ పరుగెత్తాడు, ఎత్తాడు, నిలబడింది. ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు, పడిపోయింది. ఇలా పరుగులు పెట్టగా పెట్టగా అతనికి జ్ఞానోదయమైంది.

"మీ ఏసీ ఏ లైను మీదుందండీ?"

"మీ లైనే. ఆపీసుకి ఏరే లైను ఇవ్వలేదు," అన్నాడు పైడయ్య నిర్మలంగా. మొదటిసారి పడినప్పుడు పక్క వ్యాను ఆయన ఇదే ఏసీ కింద కూర్చుని దోమల గురించి ఫిర్యాదు చేస్తున్నాడట.

"అయితే ఇది ఆపేయండి."

"ఫిర్యాదుదారుడు కూకున్నప్పుడు ఆపకూడదు లా," అన్నాడు పైడయ్య, మలేషియా అలవాటుగా చివర 'లా' తగిలించి.

"నా ఫిర్యాదు వాపసు తీసుకుంటాను."

"మంచిమాట. వాపసుకి కూడా కూకోవాలి."

పాట్రిక్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది, చంకలో దిండుతో.

"ఇక్కడ సల్లగుందే," అంది. "నాకూ ఒక ఫిర్యాదుంది."

"ఎవరి మీదమ్మా?" అడిగాడు పైడయ్య.

"అల్లుడి మీద."

"అది పెద్ద ఫిర్యాదు. టయిం పడతాది," అని పైడయ్య పొడుగు సోఫా మీద కాగితాలు తీసేసి, ఏసీ ఇంకాస్త పెంచాడు. అత్తగారు ఫిర్యాదు మొదలుపెట్టి, రెండో వాక్యానికే గురక అందుకుంది. విచారణకు అంతరాయం కలగకూడదని పైడయ్య మునివేళ్ల మీద నడిచాడు.

సాయంత్రం ఆవిడ తేటపడిన ముఖంతో లేచింది. పాట్రిక్ తీర్పు వినడానికి లేచి నిలబడ్డాడు.

"మంచి సోటు సూపించినావు బాబూ. వచ్చే సెలవులకీ ఇక్కడికే వద్దుం," అంది. అల్లుడి ముఖం వెలిగింది. "ఆ బండి అమ్మేసి, బస్సులో వద్దుం."

అత్తా అల్లుడూ బయటికి వచ్చారు. పైడయ్య ఏసీ ఆపి తాళం వేసుకున్నాడు. పాట్రిక్ వెళ్లి బ్రేకర్ ఎత్తాడు. అది ఇక పడలేదు.