మూడో తరగతి పసుపు చీటీలు

సోమవారం పొద్దున స్టవ్ మీద పాలు పొంగేలోపే మూడో తరగతి టీచరమ్మ ఆ వారం మొత్తానికీ ప్లాను వేసేసుకుంది. ఇవాళ పిల్లలకు పసుపు చీటీలు పంచాలి. బుధవారం చార్టు తయారుచేయాలి. గురువారం దర్జీ దగ్గర నుంచి కొత్త జాకెట్టు తెచ్చుకోవాలి. శుక్రవారం అది తొడుక్కుని, ఇన్‌స్పెక్టరు మేడమ్ ఎదుట "మా వీధికి మేము" అనే పాఠం చెప్పాలి. మూడేళ్లుగా ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఈ పాఠం మేడమ్‌కి నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే ఈ సెలవుల తర్వాత ఇంక రానక్కర్లేదు. ఇందులో తికమకపడటానికి ఏముంది చెప్పండి? ఏమీ లేదనే ఆవిడా అనుకుంది, పాపం.

చీటీ మీద మూడే మూడు ప్రశ్నలు. ఏం పాడైంది? ఎప్పటి నుంచి? ఎవరు బాగుచేయాలి?

"వీధిలో పాడైంది ఏది కనిపించినా చీటీ రాసి దాని మీదే అంటించండి. భయపడొద్దు. నిజం రాయండి" అని చెప్పింది నలభై మంది పిల్లలకూ. ఆ చివరి రెండు మాటలూ మింగేసి ఉంటే అసలు ఈ కథే ఉండేది కాదు.

మూడో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. వడ్రంగి కూతురు. ప్రశ్న ఒకటి దిగిందంటే సమాధానం వచ్చేదాకా కదలదని ఆ పిల్లకు క్లాసులో మేకు అని పేరు. "టీచర్, జిగురెలాగండీ? మా నాన్న దగ్గర పేద్ద డబ్బా ఉంది, తేనా?"

"తేవే తల్లీ" అంది టీచరమ్మ సంబరంగా. అది చెక్కకు చెక్కను అతికించే జిగురు. ఒకసారి పట్టిందంటే చెక్క విరగాలే తప్ప అతుకు ఊడదు. ఆ సంగతి ఆమె అడగలేదు, మేకు చెప్పలేదు.

బుధవారం పొద్దున బడి గేటు దగ్గర అందరికంటే ముందు దర్జీ నిలబడి ఉన్నాడు. కుట్టుమిషను మూతను చంకలో పెట్టుకొచ్చాడు. ఎంత గీకినా చీటీ రాలేదట, మూతే ఊడదీసుకుని వచ్చాడు.

"చదవండి టీచరమ్మా, పైకే చదవండి!"

ఆమె చదివింది. "ఏం పాడైంది: దర్జీ మామయ్య మాట. ఎప్పటి నుంచి: మా అక్క పుట్టినరోజు నుంచి. ఎవరు బాగుచేయాలి: దేవుడు."

"నిన్నట్నుంచీ ఒక్కొక్కళ్లే నా కొట్టుకి వచ్చి, ఇది చదివి, పడీపడీ నవ్వి, పోతూపోతూ వాళ్ల బట్టలేమయ్యాయని అడుగుతున్నారండీ! ఇలాగైతే నేను బతికేదెలా?"

"పిల్లలండీ, ఏదో రాశారు. ఇంతకీ నా జాకెట్టో?"

"గురువారం. తప్పకుండా" అన్నాడు దర్జీ, ఏమాత్రం తడుముకోకుండా.

అతని వెనకే ఒక నానమ్మ, తాతయ్యను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. చీటీ తాతయ్య చేతికర్ర మీద ఉంది. "ఏం పాడైంది: తాతయ్య చెవులు. ఎప్పటి నుంచి: నానమ్మ పని చెప్పినప్పుడల్లా. ఎవరు బాగుచేయాలి: అన్నానికి పిలిస్తే వాటంతటవే బాగవుతాయి."

టీచరమ్మ చేతులు జోడించింది. "క్షమించండి నానమ్మగారూ, మా పిల్లలు..."

"క్షమించడమేంటమ్మా! నలభై ఏళ్లుగా నేను మొత్తుకుంటున్నా ఎవరూ నమ్మలేదు. నా మనవరాలు మూడు ముక్కల్లో తేల్చేసింది. ఇంకో పది చీటీలుంటే ఇద్దూ, ఇంట్లో చాలా పని ఉంది."

కాదనలేక ఇచ్చింది. అదిగో, కొంప మునిగింది అక్కడే. మధ్యాహ్నానికి ఆ వీధిలో పెద్దవాళ్లందరికీ చీటీల పిచ్చి పట్టుకుంది. కాగితాల కొట్లో పసుపు కాగితం అయిపోయింది. భార్యలు భర్తల స్కూటర్ల మీద అంటించారు, భర్తలు బావమరుదుల వీపుల మీద అంటించారు. మేకు వాళ్ల నాన్న జిగురు డబ్బాను వీధి అరుగు మీద పెట్టేసి, ఎవరికి కావాలంటే వాళ్లను పూసుకోమన్నాడు. వెలగని వీధిదీపానికి ఒకే రోజు పదిహేడు చీటీలు పడ్డాయి.

హెడ్మాస్టరుకు ఈ సంగతి సాయంత్రం తెలిసింది. బడిలో ఏది విరిగినా దానికి రంగు వేయించి ఊరుకోవడం ఆయన పద్ధతి. అందుకే పిల్లలు చాటుగా రంగు సారు అంటారు. రెండేళ్లుగా నీళ్లు రాని కొళాయికి మొన్ననే ముచ్చటగా ఆకుపచ్చ రంగు వేయించాడాయన. ఇప్పుడు దాని మీదా ఒక పసుపు చీటీ.

"ఏమ్మా, నా పరువు తీద్దామనా? శుక్రవారానికి ఒక్క చీటీ కనబడిందంటే నీ ఉద్యోగం కాగితాల మీద నేను సంతకం పెట్టను. ఆ తర్వాత నీ ఇష్టం!"

గురువారమంతా టీచరమ్మా పిల్లలూ స్కేళ్లతో, చెంచాలతో, గోళ్లతో గీకారు. గోళ్లు అరిగాయి గానీ చీటీ ఒక్కటీ రాలేదు. చివరికి రంగు సారే తన పద్ధతిలో ఉపాయం చెప్పాడు. ప్రతి చీటీ మీదా "స్వాగతం" అని రాసిన కాగితం మైదాతో అంటించేయమన్నాడు. అంటించారు. మురుగు కాలువ మూతకు స్వాగతం, వెలగని దీపానికి స్వాగతం, తాతయ్య చేతికర్రకూ స్వాగతం.

బడి మలుపులో ఒక పెద్ద గొయ్యి ఉంది. ఎవరూ పడకుండా దాని ముందు గుర్తుగా ఒక చెక్క పాతారు. ఆ చెక్కకూ చీటీ ఉంది. రంగు సారు స్వయంగా చెక్క పీకేశాడు.

"సార్, అది గొయ్యికి గుర్తండీ" అంది టీచరమ్మ.

"చెక్క ఉంటే గొయ్యి ఉందని తెలిసిపోతుందమ్మా. రాత్రి వాన పడిందనుకో, నీళ్లు మాత్రమే కనిపిస్తాయి. నీళ్లంటావా, వానకు నన్నెవరూ ఏమీ అనరు."

వాన పడనే పడింది. శుక్రవారం పొద్దున టీచరమ్మ పాత జాకెట్టుతోనే గేటు దగ్గర నిలబడింది. మలుపులో ఇన్‌స్పెక్టరు మేడమ్ కారు కనిపించింది, ఆ వెంటనే ధడేల్‌మని చప్పుడైంది. చూసేసరికి కారు సగమే ఉంది. మేడమ్ మోకాళ్ల దాకా బురదతో, ఒక చెప్పు కాలికి, ఇంకోటి చేతిలో పట్టుకుని నడిచి వచ్చింది.

"స్వాగతం మేడమ్!" అన్నాడు రంగు సారు.

"ముందు కాళ్లు కడుక్కోనివ్వండి. కొళాయెక్కడ?"

నిగనిగలాడుతున్న ఆకుపచ్చ కొళాయిని ఆవిడ తిప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. బొట్టు రాలేదు. ఆవిడ తడి చెయ్యి తగిలి "స్వాగతం" మెల్లగా జారి కింద పడింది. పసుపు చీటీ మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏం పాడైంది: కొళాయి" అని పైకే చదివింది మేడమ్. "ఎప్పటి నుంచి: నేను ఒకటో తరగతిలో ఉన్నప్పటి నుంచి. ఎవరు బాగుచేయాలి: సారు. కానీ రంగే వేస్తారు."

రంగు సారు ముఖం పాలిపోయింది. "ఇదంతా ఈ టీచరు చేయించిందండీ! తాత్కాలికం మనిషి. ఇవాళే పంపించేస్తామండీ!"

పిల్లలు సరదాకి రాశారండీ అనేస్తే టీచరమ్మ బయటపడొచ్చు. తలతిప్పి చూస్తే నలభై మందీ ఆమె వైపే చూస్తున్నారు, గోళ్లలో ఇంకా జిగురుతో. మొన్న తానే కదా భయపడొద్దని చెప్పింది!

"అవునండీ, నేనే చేయించాను" అంది టీచరమ్మ. "నిజం రాయమన్నాను. రాశారు. తప్పయితే నాది, వాళ్లది కాదు."

"మేడమ్, గొయ్యికి కూడా పెట్టామండీ చీటీ!" అని ముందుకొచ్చింది మేకు. "సారు చెక్కతో సహా పీకి సామాన్ల గదిలో దాచారండీ. తేనా?"

ఎవరూ తెమ్మనలేదు, అయినా తెచ్చింది. మేడమ్ దాన్నీ చదివింది. "ఏం పాడైంది: రోడ్డు. ఎప్పటి నుంచి: పోయినేడాది వానల నుంచి. ఎవరు బాగుచేయాలి: ఎవరైనా ఆఫీసరు అందులో పడితే అదే బాగవుతుందని నాన్న అన్నాడు."

మేడమ్ ఒకసారి తన కాళ్లకేసి చూసుకుంది. చేతిలో చెప్పు చూసుకుంది. ఇక ఆపుకోలేక, బురద కాళ్లతో అరుగు మీద కూలబడి కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వు తగ్గాక ఒక పసుపు చీటీ అడిగి తీసుకుని, టీచరమ్మ కాగితాల కట్ట తెప్పించి, ఏదో రాసి, మేకు చేత దాని మీద అంటింపజేసింది.

"ఊడదుగా?"

"ఊడదండీ. కావాలంటే మా నాన్ననడగండి."

టీచరమ్మ వంగి చదువుకుంది. ఏం పాడైంది: ఈ టీచరు ఉద్యోగం. ఎప్పటి నుంచి: మూడేళ్ల నుంచి. ఎవరు బాగుచేయాలి: నేను.

చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పిల్లలు ఏమైందో తెలియక చప్పట్లు కొట్టారు.

పదిహేను రోజుల్లో గొయ్యి పూడింది, దీపం వెలిగింది, కొళాయిలో నీళ్లొచ్చాయి. టీచరమ్మ ఉద్యోగం ఖాయమైన కాగితమూ వచ్చింది. రంగు సారు అయితే రోజూ పొద్దున్నే వచ్చి తన కుర్చీ వెనక చీటీ ఏమైనా ఉందేమోనని తడిమి చూసుకుని మరీ కూర్చుంటున్నాడు.

జాకెట్టు మాత్రం గురువారం తప్పకుండా ఇస్తానన్నాడు దర్జీ.