పడవ తిప్పిన బొటనవేలు

ఆరింటికల్లా పడవెక్కాలి, మధ్యాహ్నానికి దీవి చేరాలి, పిల్లాణ్ణి వాళ్ళ నాన్న చేతుల్లో పెట్టాలి. ఆ ఉదయం లిగాయా అనుకున్నది ఇంతే. దీవి చుట్టూ ఉన్న రక్షిత సముద్రానికి ఆమె భర్త రోడెల్ కాపలాదారు. కొడుకు పుట్టిన నలభయ్యో రోజున వెళ్ళినవాడు ఆరు నెలలుగా రాలేదు. అక్కడికి పడవ నెలకొక్కటే. అదీ సముద్రం పోటు మీద ఉండగానే కదలాలి.

పడవ రేవు దాటిందో లేదో పిల్లాడు గుక్కపట్టాడు. పాలిచ్చినా ఆపడు, ఊపినా ఆపడు.

"వీణ్ణెవరో మెచ్చుకున్నారే," అంది అత్తగారు ఇస్కా.

లిగాయా పిల్లాణ్ణి పొదివి పట్టుకుంది. "రేవులో ఎంగ్రాసియో మాస్టారు... 'ఎంత బొద్దుగా ఉన్నాడో' అన్నారత్తయ్యా!"

"అని, బొటనవేలు తడిచేసి పొట్టకి రాశాడా?"

"లేదు."

"ఇంకేం! దిష్టి పెట్టినవాడి ఉమ్మే దానికి మందు. పడవ తిప్పవయ్యా!"

సరంగు బెర్టోకి ఆరుగురు పిల్లలు. మారుమాట్లాడకుండా తిప్పాడు.

తీరా చూస్తే రేవులో మాస్టారు లేడు. వెతకడానికి ముగ్గురు దిగారు. తామూ ముద్దుచేశాం కదా అని అనుమానమొచ్చిన ప్రయాణికులు ఈలోగా వేళ్ళు తడిచేసుకుని వరుస కట్టారు. పిల్లాడి పొట్ట తడిసి ముద్దయింది, ఏడుపు పెరిగింది. చివరికి మంగలి కుర్చీలోంచి మాస్టార్ని సగం గడ్డంతో లాక్కొచ్చారు.

"వేలు తడిచెయ్యండి మాస్టారూ, త్వరగా!"

"పరిగెత్తించి నోరెండగొట్టారు కదమ్మా, తడెక్కణ్ణుంచి తేను?"

కొబ్బరిబోండం వెతికి, కొట్టి, తాగించారు. మాస్టారు వేలు తడిచేసే వేళకి, చెమట తుడుద్దామని లిగాయా పిల్లాడి టోపీ తీసింది. అందులోంచి ఎర్రచీమ ఒకటి తాపీగా దిగిపోయింది. పిల్లాడు నవ్వాడు. అప్పటికి సముద్రమూ దిగిపోయింది. పడవ బురదలో ఒరిగింది.

"మళ్ళీ పోటు చీకటిపడ్డాకే. చీకట్లో ఆ పగడపు దిబ్బల్లోకి నేను పోనమ్మాయ్," అన్నాడు బెర్టో. "దీవిలో దిగడానికిచ్చిన అనుమతా, ఇవాళ్టికే. ఇక వచ్చే నెలే."

"అప్పటికి వీడికి పళ్ళొచ్చేస్తాయి. ఈ బోసినవ్వు వాళ్ళ నాన్న చూడనే చూడడు," అని లిగాయా అక్కడే కూలబడింది.

ఎండ నడినెత్తికొచ్చే వేళకి, దూరంగా లోతునీళ్ళలో కాపలా పడవొకటి ఆగింది. మోకాల్లోతు బురదలో ఈడ్చుకుంటూ వస్తున్నవాడు రోడెలే! గడ్డం గుబురుగా పెరిగింది.

"సెలవిచ్చారు! చెప్పకుండా వద్దామని..."

"చూశావా! మేం వెళ్ళిపోయుంటే మేమక్కడ, నువ్విక్కడ!" ఇస్కా గర్వంగా అందరి వంకా చూసింది.

రోడెల్ కొడుకుని ఎత్తుకున్నాడు. "అబ్బ, ఎంత బరువెక్కాడో నా తండ్రి!"

పిల్లాడు ఆ గడ్డాన్ని ఒక్క క్షణం పరీక్షించి, రేవు దద్దరిల్లేలా గుక్కపట్టాడు.

అందరూ రోడెల్ వంక చూశారు. అతను నిట్టూర్చి, బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.