ఈశాన్యపు కిటికీకి జలకళ

ఈ మంచుదేశపు కనాటా పేటలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలకు తెలియజేయడమేమనగా, భరద్వాజ్ గారింట్లో నేల వెచ్చబడినది. నేల అడుగున గొట్టాలు పరిచి, వాటిలో వేడినీళ్లు తిరిగేలా ఏర్పాటు చేయించారు. మన పేటలో ఇదే మొదటిది కాబట్టి నవంబరులో అందరం వెళ్లి దర్శించుకున్నాం. బూట్లు గుమ్మం దగ్గర విడిచి, సాక్సులు కూడా విప్పేసి, పావుగంటసేపు ఎవరూ మాట్లాడకుండా నిలబడ్డాం. మనవాళ్లు గుళ్లో కూడా అంత నిశ్శబ్దంగా నిలబడగా నేను చూడలేదు.

ఆ నేల అసలు ప్రయోజనం కనిపెట్టిన ఘనత మాత్రం ఆయన భార్య అమృతది. ఈ దేశపు చలికాలంలో దోసెల పిండి పులవదన్నది మీకు తెలిసిన బాధే. అవెన్‌లో లైటు వేసి లోపల పెట్టినవాళ్లు, గిన్నెకు దుప్పటి కప్పినవాళ్లు, కారు హీటర్ ముందు పెట్టుకుని పేటంతా తిప్పుకొచ్చినవాళ్లు మనలోనే ఉన్నారు. అమృత ఒక గిన్నె తెచ్చి నేలమీద పెట్టింది. తెల్లారేసరికి పిండి పొంగి మూతను పక్కకు తోసేసింది. ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులోకి ఎక్కిన రోజే నాలుగిళ్ల గిన్నెలు వచ్చి చేరాయి. క్రిస్మస్ సెలవులకు అవి పదిహేడయ్యాయి. ఒకరి ఇడ్లీ పిండి మరొకరింట్లో ఊతప్పమై రెండు కుటుంబాలకు మాటలు ఆగిపోవడంతో, ప్రతి మూత మీదా ఇంటిపేరు రాసిన స్టిక్కరు విధిగా అంటించాలని మన తెలుగు అసోసియేషన్ ఏకగ్రీవంగా తీర్మానించింది.

గిన్నెల పక్కన ఒడియాలు వెలిశాయి. ఒడియాల పక్కన ఉతికిన బట్టలు పరిచారు. జనవరిలో, బయట మోకాలి లోతు మంచులో, ఒక తెలుగింట్లో ఒడియాలు ఎండుతున్నాయంటే అది జాతి మొత్తం గర్వించదగిన సంగతి.

భరద్వాజ్ టెలికాం కంపెనీలో ఇంజినీరు. ఏ యంత్రాన్నైనా మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదివి, ఆ తరవాతే ఆపేస్తాడు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లో లోపలి గాలిని బయటికి పంపి, కొత్త గాలిని తెచ్చే యంత్రం ఒకటి ఉండేది. వెచ్చబెట్టుకున్న గాలిని వీధిలోకి పంపడమేమిటని ఆయన దాని స్విచ్చి కట్టేశాడు. అదే న్యాయం ప్రకారం పొయ్యి మీది ఫ్యానుకు టేపు అంటించాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లోకి కొత్త గాలి రాలేదు, పాత గాలి పోలేదు. నవంబరు నాటి ఇంగువ పోపు వాసన ఫిబ్రవరిలోనూ తాజాగానే ఉండేది.

ఇంత సుఖంలో కిటికీలకు చెమటలు పట్టడం మొదలైంది. అన్నిటికంటే ఎక్కువ పట్టింది వాళ్లమ్మాయి రిషిత గది కిటికీకి. అద్దం మీద నీళ్లు ధారలు కట్టి, కిందకి జారి, చట్రం దగ్గర గడ్డకట్టేవి. గది మూలలో నల్లటి మచ్చ ఒకటి పుట్టి అరచేయంత అయింది. ఎనిమిదేళ్ల రిషితకు దగ్గు పట్టుకుంది.

అసోసియేషన్ అధ్యక్షులు రామ్మోహన్ గారు స్వయంగా విచ్చేసి, ఫోనులో దిక్సూచి తెరిచి, గది మధ్యన నిలబడి మూడుసార్లు తిరిగారు.

"ఇది ఈశాన్యమయ్యా భరద్వాజూ. ఈశాన్యంలో నీళ్లుండాలని జనం బోర్లు వేయిస్తారు, సంపులు తవ్విస్తారు. నీకు అద్దంలోంచి ఊరుతోంది. పొరపాటున కూడా తుడవకండి."

అప్పటినుంచి ఆ కిటికీని తుడవడం మానేశారు. నల్లమచ్చ మీద దేవుడి క్యాలెండరు తగిలించారు.

దగ్గు తగ్గలేదు. ఇంట్లో తేమ ఉందా అని డాక్టరు అడిగేసరికి అమృత భయపడి ఒక టెక్నీషియన్‌ను పిలిపించింది. అతను చేతిలో ఉన్న మీటరు చూసి, నేలమీది గిన్నెలు చూసి, మళ్లీ మీటరు చూశాడు. గాలి యంత్రం ఆన్ చేయండి, ఫ్యాను టేపు తీయండి, బట్టలూ గిన్నెలూ తీసేయండి, ఆ మచ్చ బూజు, పిల్ల దాన్నే పీలుస్తోంది అన్నాడు. భరద్వాజ్ అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. నేలలో ఏమైనా లోపముందా? లేదు, నేల బ్రహ్మాండంగా ఉందన్నాడు అతను. "మన నేల నిర్దోషి అని ఎక్స్‌పర్ట్ తేల్చేశారు" అని గ్రూపులో ప్రకటన వెలువడింది. నలభై ఒక్క బొటనవేళ్లు లేచాయి. వాటిలో ఒకటి నాది.

"ఏమండీ, పిల్ల దగ్గలేక చస్తోంది. ఆ మెషీన్ ఆన్ చేద్దాం" అంది అమృత.

"హీట్ అంతా పోతుంది అమృతా. ఆదివారం ఫంక్షన్ అయ్యాక చూద్దాంలే."

ఫంక్షనంటే సన్మానం. ఆ ఆదివారం ముప్పైమందిమి ఆ నేలమీదే బాసింపట్లు వేసుకుని కూర్చున్నాం. భరద్వాజ్‌కు శాలువా కప్పాక రామ్మోహన్ గారు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, మన పూర్వీకులు భూమిని తల్లి అన్నారు. కానీ ఆ తల్లికి హీటింగ్ పెట్టించిన మొట్టమొదటి కొడుకు మన భరద్వాజ్..."

లోపలి గదిలో రిషిత దగ్గుతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా రామ్మోహన్ గారు హుందాగా ఆగి, అది తగ్గాక మళ్లీ మొదలుపెడుతున్నారు. నాకు నిజంగానే బాధేసింది. లేచి ఏదైనా చెబుదామనుకున్నాను. కానీ నా గిన్నె ఇంకా సగమే పొంగింది.

అమృత లేచింది. గిన్నెల మధ్య నుంచి నడిచి ఆ గదిలోకి వెళ్లి, చట్రం మీది మంచుగడ్డను అట్లకాడతో పగలగొట్టి కిటికీ బార్లా తెరిచింది. తరవాత బేస్‌మెంట్‌లోకి దిగి యంత్రం ఆన్ చేసింది. బయట మైనస్ ఇరవై రెండు. ఆ గాలి హాల్లోకి వచ్చింది.

కోటు తొడుక్కుని కిటికీ దగ్గర నిలబడ్డ రిషిత, "మమ్మీ, ఐ కెన్ బ్రీద్" అంది.

ఆ మాట అందరం విన్నాం. "పిండి చల్లబడిపోతుంది" అని ఎవరో అన్నారు. రెండు నిమిషాల్లో పదిహేడు గిన్నెలు గుమ్మం దాటాయి.

ఆ మూలను గీకించి మందు కొట్టించారని, పిల్ల దగ్గు తగ్గిందని, నేల ఇప్పటికీ వెచ్చగానే ఉందని విన్నాను. కానీ మనవాళ్లెవరూ అటు వెళ్లడం లేదు. ముప్పైమంది కూర్చున్న ఇంట్లో కిటికీ తెరవడం మర్యాద కాదని అసోసియేషన్ అభిప్రాయపడింది.

మీరు మాత్రం నిరుత్సాహపడనక్కర్లేదు. పోయిన నెలలో మేమూ నేల వేయించాం. గిన్నెలు ఇప్పటికి పంతొమ్మిది, ఇంకా చోటుంది. ఈశాన్యం మా అమ్మాయి ధాత్రి గది. రామ్మోహన్ గారు నిన్ననే వచ్చి చూసి, జలకళ అద్భుతంగా ఉందన్నారు. ధాత్రికి నాలుగు రోజులుగా కాస్త దగ్గు. చలిదేశం కదా, పిల్లలకు మామూలే. మీ గిన్నె తెచ్చేటప్పుడు మూత మీద ఇంటిపేరు రాయడం మరిచిపోకండి.