శాశ్వత అధ్యక్షుడూ, ఒంటి తుమ్మూ

అధ్యక్షుడన్నవాడు ఒకసారి ఎక్కాక దిగకూడదు. ఎక్కి దిగేవాణ్ణి అధ్యక్షుడనరు, బస్సు ప్యాసింజరంటారు!

నవ్వకండి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. ఎన్నికల వల్ల ఇన్నాళ్ళూ మనం బాగుపడ్డదేముంది? గోడలు పాడవుతాయి, గొంతులు పోతాయి, తోడల్లుళ్ళు మాట్లాడుకోవడం మానేస్తారు. పైగా ఎవరికి ఓటెయ్యాలా అని బుర్ర బద్దలు కొట్టుకోవాలి. మన ఎండలకు, అందులోనూ కరెంటు పోయిన మధ్యాహ్నం, మనిషన్నవాడు ఆలోచించగలడా? ఆ బరువంతా ఒక్కడే నెత్తికెత్తుకుని "మీరు పడుకోండి, మీ బదులు నేను ఆలోచిస్తా" అంటే దణ్ణం పెట్టాలా, వద్దా?

ఆ భాగ్యం మా బట్టల బజారుకు పట్టింది. ఊరి పేరు అడగొద్దు. ఆలూరుకూ ఆదోనికీ మధ్య ఎక్కడో ఉందనుకోండి. పేరు రాస్తే మా అధ్యక్షులవారు నొచ్చుకుంటారు. ఆయన నొచ్చుకుంటే మా బజారులో కొన్ని షట్టర్లు లేవవు.

అధ్యక్షులవారి పేరు రాఘవేంద్రప్రసాద్. హోల్‌సేల్ చీరల వ్యాపారం. వర్తక సంఘానికి రెండేళ్ళకని ఎన్నికయ్యారు, ఎనిమిదేళ్ళుగా ఉన్నారు. మధ్యలో ఎన్నికలు పెట్టలేదేమంటారా? ఆయనకు తీరికేదీ! బజారంతా సీసీ కెమెరాలు పెట్టించాలి, దొంగల కోసం. దొంగ ఒక్కడూ దొరకలేదు గానీ, టీ కొట్టు దగ్గర ఎవరెవరు కలిసి నవ్వుకుంటున్నారో మాత్రం శుభ్రంగా కనబడింది. ప్రతి కొట్టులో దేవుడి పటం పక్కన తన ఫోటో పెట్టించాలి. దేవుడి పటం కన్నా కాస్త చిన్నదే పెట్టమన్నారు. ఆయనకు గర్వమన్నది బొత్తిగా లేదు.

ఇక మా వాట్సాప్ గ్రూపు! ఒకప్పుడు అందులో అందరూ నోరు పారేసుకునేవాళ్ళు. ఒకరు మురుగు కాలవంటారు, ఒకరు వీధి లైటంటారు. ఇప్పుడది 'అడ్మిన్ ఓన్లీ' గ్రూపు. పొద్దున గులాబీ పువ్వుతో ఆయన గుడ్ మార్నింగ్, మధ్యాహ్నం ఆయన సూక్తి, సాయంత్రం ఆయనకు జరిగిన సన్మానం ఫోటో. మనం చేయవలసిందల్లా కింద బొటనవేలి బొమ్మ పెట్టడం. వెనకటికి చదువురానివాళ్ళే వేలిముద్ర వేసేవాళ్ళు. ఇప్పుడు మా బజారులో ఎంబీఏలు కూడా వేస్తున్నారు.

ఈ సౌఖ్యం మాకు రమ్యశ్రీ పుణ్యాన దక్కింది. సంఘం కాంప్లెక్సులో చిన్న మ్యాచింగ్ సెంటర్ ఆమెది. ఏ చీర తెచ్చి పరిచినా దానికి తగిన జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాల్సు చిటికెలో తీసిస్తుంది. చిలకాకుపచ్చలో ఎన్ని పచ్చలున్నాయో తెలిసిన మనిషికి ఎక్కడ ఏ మాట మ్యాచవుతుందో తెలియకపోయింది. అధ్యక్షులవారి పుట్టినరోజున గ్రూపులో అందరూ కేకు బొమ్మలు పెడుతుంటే, ఆమె "హ్యాపీ బర్త్‌డే అన్నా. మన ఎలక్షన్ ఎప్పుడన్నా?" అని పెట్టింది.

సాయంత్రానికి గ్రూపులో అందరి నోళ్ళూ మూతపడ్డాయి. మర్నాడు ఆమె షట్టరుకు, ఆమె తాళం పక్కనే, ఇంకో తాళం పడింది.

శ్రావణ మాసం. పెళ్ళిళ్ళ రోజులు. ఫాల్సు కుట్టమని జనం ఇచ్చిన చీరలు షట్టరు లోపల, ఆ చీరల తాలూకు జనం ఆమె ఇంటి ముందర. "ముహూర్తానికి నా బిడ్డ ఏం కట్టుకోవల్ల తల్లీ?" అని వెంకటలక్ష్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే రమ్యశ్రీకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇల్లు గడిచేది ఆ కొట్టు మీద. పేరు నిలిచేదీ ఆ కొట్టు మీదే.

మా అధ్యక్షులవారు కఠినాత్ములు కారు. మేనల్లుడు శివప్రసాద్‌తో కబురు పంపారు. వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశం. ఆయన్ను శాశ్వత అధ్యక్షుడిగా ప్రకటిస్తూ తీర్మానం. ముందు రమ్యశ్రీ మైకులో "తప్పయింది" అని చెప్పాలి. ఆ తర్వాత ఆ తీర్మానం ఆమే ప్రతిపాదించాలి.

"ఒక్క మాట చెప్తే పోతాదక్కా," అన్నాడు శివప్రసాద్. "గమ్మున చెప్పేసి తాళంచెవి తీసుకో. మామ శానా మంచోడు."

శిక్షతో పాటు గౌరవం కూడా! ఉరి తీసేవాడు తాడు మన చేతికిచ్చి, గట్టిదో కాదో చూడమ్మా అని అడిగినంత మర్యాద. ఈ రోజుల్లో ఎవరు చేస్తారండీ?

రమ్యశ్రీ మాత్రం ఆ మర్యాదకు మురిసిపోలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చింది. అత్త రాజ్యలక్ష్మమ్మ గర్ల్స్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. పక్కనే కూర్చుని కందులు చెరుగుతోంది.

"ఏడుస్తాండావా, ఆలోచన చేస్తాండావా?" అంది.

"రెండూ అత్తా."

"అయితే ఇది ఇను. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీవాళ్ళు ఫ్రాన్సును పట్టుకున్యారు. ఆడ సినిమా హాళ్ళలో పిక్చరుకు ముందర వాళ్ళ గొప్పల రీలు ఏసేవాళ్ళు. ఈడ గెలిచినాం, ఆడ గెలిచినాం అని. జనం ఏం చేసినారో తెల్సా? దగ్గినారు, తుమ్మినారు, ఈల ఏసినారు. చీకట్ల ఎవుర్ని పట్టుకుంటారు? ఫిరంగులుండాయి, ట్యాంకులుండాయి. తుమ్మును పట్టుకునే యంత్రం మాత్రం ల్యాకపాయ. కడాకు హాల్లో లైట్లు ఏసిపెట్టి రీలు చూపించినారు. లోకాన్ని గెలుస్తామన్నోళ్ళు తుమ్ముకు జడిసి దీపాలు పెట్టుకుండారు!"

"అది వాళ్ళ దేశం అత్తా. ఈడ తుమ్మితే ఏమై..." అనబోయి, రమ్యశ్రీ మాట మధ్యలో ఆగిపోయింది.

ఇక్కడ తుమ్మితే ఏమవుతుందో మా బజారులో తెలియనిదెవరికి? ఒంటి తుమ్ము చెవిన పడితే రాఘవేంద్రప్రసాద్ అడుగు ముందుకు వేయరు. కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, అప్పుడు లేస్తారు. ఒకసారి సరుకు కోసం సూరత్ బయలుదేరి, ప్లాట్‌ఫారం మీద ఎవరో తుమ్మారని రైలునే వదిలేశారు. కొత్త షోరూము రిబ్బను కత్తిరించబోతుంటే వీడియో తీసేవాడు తుమ్మాడు. ముహూర్తం పై వారానికి పోయింది. పులిహోర మాత్రం ఆగదు కాబట్టి ఆ రోజే తిన్నాం.

ఫ్రాన్సువాళ్ళ తుమ్ముకు ఎగతాళి బలం ఒక్కటే ఉండేది. మన తుమ్ముకు శాస్త్ర బలం ఉంది!

రమ్యశ్రీ కళ్ళు తుడుచుకుని బజారుకు వెళ్ళింది. టీ కొట్టు రామాంజి వింటూనే ఒప్పుకున్నాడు. స్టీలు సామాన్ల దేవేంద్రప్ప మాత్రం తన కొట్టు ముందున్న కెమెరా వైపు చూసి గొంతు తగ్గించాడు.

"నాకెందుకు పాపా? నేను గమ్మునుండేటోణ్ణి."

"నోరు తెరవమనలేదన్నా. తుమ్మమంటాండా. తుమ్మితే కేసు పెడతారా ఎవురన్నా?"

దేవేంద్రప్ప ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. నిజమే, తుమ్ముకు కేసు లేదు. అలా కొట్టు నుంచి కొట్టుకు మాట పాకింది. గ్రూపులో మాత్రం ఆ రోజుల్లో బొటనవేళ్ళు మామూలు కన్నా ఎక్కువే పడ్డాయి.

ఆదివారం పొద్దున కల్యాణమండపం కిటకిటలాడింది. వేదిక మీద పూలదండలు, జరీ శాలువ, కమిటీ పెద్దలు. ముందు వరుసలో రమ్యశ్రీ, ఆమె పక్కన అత్త. అధ్యక్షులవారు లేచి, మైకు సవరించుకుని, "శుభమా అని ఈ తీర్మానం..." అన్నారు.

"హాఛ్!"

వెనక వరుసల్లో ఎక్కడో. జనం అలవాటు కొద్దీ "చిరంజీవ!" అన్నారు. అధ్యక్షులవారు కూర్చున్నారు, నీళ్ళు తాగారు, లేచారు.

"శుభమా అని..."

"హాఛ్!" ఈసారి కుడివైపు. మళ్ళీ "చిరంజీవ!"

తనకు అడ్డం పడేవాళ్ళందరికీ తన సభలోనే దీర్ఘాయుష్షు దక్కుతుంటే ఆ పెద్దమనిషి ఎంత ఓర్చుకున్నారో మీరు చూసి ఉండవలసింది. ఒక జగ్గు నీళ్ళు అయిపోయాయి, ఇంకో జగ్గు తెచ్చారు. అంత నీళ్ళు తాగినవాడు ఒకసారి బయటికి పోయి రాకుండా ఎలా ఉంటాడు? తిరిగొచ్చి గడపలో కాలు పెడుతుంటే మళ్ళీ తుమ్ము. గడప అవతలే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు పాపం.

అయితే ఎనిమిదేళ్ళు ఏలినవాడికి ఉపాయాలు కరువా? ఒంటి తుమ్మే కదా అశుభం. జంట తుమ్ము శుభం! శివప్రసాద్‌ను పిలిచి, ముక్కుపొడి డబ్బీ చేతిలో పెట్టి, "ఎవుడు తుమ్మినా ఆ వెంటనే నువ్వు తుమ్మల్ల" అని హుకుం చేశారు. ప్రతిపక్షం తుమ్ముకు ప్రభుత్వం తుమ్ము జత! ఇంత చక్కని ఏర్పాటు ఏ రాజ్యాంగంలో ఉందో చెప్పండి.

దేవేంద్రప్ప తుమ్మాడు. శివప్రసాద్ చిటికెడు పొడి ఎగబీల్చి తుమ్మాడు. జంట కుదిరింది. అధ్యక్షులవారు వికసించిన మొహంతో గడప దాటి వేదికెక్కారు.

"రామ్మా రమ్యశ్రీ," అన్నారు.

రమ్యశ్రీకి అత్త వైపు చూడ్డానికి కూడా ధైర్యం చాల్లేదు. మెట్లెక్కి మైకు ముందర నిలబడింది. పెళ్ళికూతురి చీర కళ్ళ ముందు కదిలింది. ఇక చెప్పేద్దాం అనుకుంది. 'తప్పయింది' అన్న మాట గొంతు దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడు శివప్రసాద్ మళ్ళీ తుమ్మాడు. ముక్కుపొడికి మామా అల్లుడూ తెలియదు కదా!

"మూడు!" అన్నారెవరో.

"మూడంటే జంట మీద ఒంటి. అశుభమే," అన్నాడు రామాంజి.

"త్రిమూర్తులు ముగ్గురే కదా? శుభమే," అన్నాడు శివప్రసాద్ ముక్కు తుడుచుకుంటూ.

"ఇంగొకటి తుమ్మితే రెండు జంటలైతాయి. తుమ్మురా!" అన్నారు అధ్యక్షులవారు. శివప్రసాద్ డబ్బీలో ఉన్నదంతా పీల్చాడు. కళ్ళ నీళ్ళు వచ్చాయి గానీ తుమ్ము రాలేదు.

ఇక హాలు హాలంతా లేచింది. ఒకరి అవ్వ మూడు మంచిదనేదట, ఇంకొకరి పెదనాయన మూడు తుమ్ములు విని పోయి ఎద్దును పోగొట్టుకున్నాడట. ఎనిమిదేళ్ళలో ఆ సంఘం సభలో జనం ఒక విషయం మీద వాదించుకోవడం అదే మొదలు. దాని రుచి వాళ్ళకు అప్పుడే తెలిసింది. అధ్యక్షులవారు కూర్చోమని అరిచారు. ఎవరికీ వినబడలేదు. చివరికి ఒళ్ళు మండి మైకు లాక్కున్నారు.

"అశుభమనేటోళ్ళు చేతులెత్తండి! ఎవురెత్తుతారో నేనూ చూస్తా!"

పాఠకులారా, శాశ్వతంగా ఉండదలచినవాడు అనకూడని మాట అదొక్కటే. చేతులకు ఎత్తడం వచ్చునన్న సంగతి వాటికి గుర్తు చేయకూడదు.

మొదట దేవేంద్రప్ప చెయ్యి చెవిదాకా లేచింది, గోక్కుంటున్నట్టు. పక్కన రామాంజి చెయ్యి ఇంకాస్త పైకి. ఆ తర్వాత వరుసలు వరుసలుగా లేచాయి. తుమ్ము మీద ఓటుకు భయమెందుకు? లెక్కపెట్టే పని పడలేదు. ఎత్తని చేతులన్నీ వేదిక మీదే ఉన్నాయి.

రమ్యశ్రీ ఇంకా అక్కడే ఉంది. వంగి, అధ్యక్షులవారి చేతిలో ఉన్న మైకులోనే మాట్లాడింది.

"చేతులు దించొద్దండప్పా. ఎత్తినకాడికి ఇంకొక సంగతి. మనందరి దుడ్లతో తాళం కొని నా షట్టరుకు ఏసినారు. అది తీయల్ల, నెలలోపల ఎలక్షను పెట్టల్ల అనేటోళ్ళు అట్లే ఉండండి. వద్దనేటోళ్ళు దించండి."

ఇది తుమ్ము మీద ఓటు కాదని అందరికీ తెలుసు. ఒక్క చెయ్యి దిగితే మిగతావన్నీ దిగుతాయని రమ్యశ్రీకి తెలుసు. రెండు మూడు చేతులు వణికాయి, మోచేతుల దగ్గర కాస్త వంగాయి కూడా.

దిగలేదు. శివప్రసాద్ చెయ్యి కూడా ఈసారి పైకే ఉంది. ముక్కు తుడుచుకోవడానికి ఎత్తానని తర్వాత మామకు చెప్పుకున్నాడట.

చూశారా ఎంత అనర్థం జరిగిపోయిందో! తాళం పోయింది, ఎన్నికల తేదీ ఖరారైంది, గ్రూపులో మళ్ళీ ఎవరికి తోచింది వాళ్ళు రాస్తున్నారు. కాబట్టి శాశ్వతంగా ఉండదలచిన మహనీయులందరికీ నా మనవి ఒకటే. బళ్ళలో ముందు ఆ సోషల్ పీరియడ్ ఎత్తేయించండి. ఎక్కడో ఎవరో ఎప్పుడో తుమ్మిన సంగతి కూడా పిల్లలకు చెప్పే టీచర్లున్న దేశంలో మీకు మనశ్శాంతి ఉండదు.

సోమవారం పొద్దున రమ్యశ్రీ షట్టరు ఎత్తింది. పెళ్ళికూతురి చీర తీసి వెంకటలక్ష్మమ్మ చేతిలో పెట్టి పంపింది. ఇంకా కొట్టు ఊడ్వనైనా లేదు, దేవేంద్రప్ప ఛాతీ విరుచుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"చూసినావు కదా పాపా నా తుమ్ము! హాలు దద్దరిల్లె. అంతా దాంతోనే కదిలిండేది."

"చూసినా అన్నా," అంది రమ్యశ్రీ లైనింగు గుడ్డ కొలుస్తూ. "ఒకటి మాత్రం అర్థం కాలే. ఎనిమిదేండ్లూ మనకందరికీ నోర్లుండె కదా. ముక్కుతో పనెందుకు పడె?"

దేవేంద్రప్ప దానికి తుమ్ముదామని చూశాడు. రాలేదు.