తలుపు మీది రేపు

పొద్దున పదికల్లా నోటీసుకు జవాబు ఇచ్చేసి పనిలోకి దిగాలని పంపన్న అనుకున్నాడు. బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్‌లో అతనిది ఆరేసే పని. తీగల మీద నీలం ప్యాంట్లు, లోపల మనుషులు లేకుండానే, గాలికి నడిచేవి. అతను నిలబడి చూసేవాడు. గుంతకల్లు నుంచి కొత్తగా వచ్చిన మేనేజర్ సుబ్బరామి అది కనిపెట్టి నోటీసు ఇచ్చాడు. అందులో రాసిన తప్పు, ప్రొక్రాస్టినేషన్. ఆ రోజు సాయంత్రం నాలుగులోగా జవాబు రాకపోతే ఉద్యోగం లేదు.

ఆ మాటకు అర్థం యూనిట్‌లో ఎవరికీ తెలియదు. పంపన్న ఇంటికి తాళం వేసి కురుగోడు బస్సెక్కాడు. చిన్నప్పుడు చదువు చెప్పిన హొన్నప్ప మేష్టారు అక్కడే ఉంటాడు.

"అర్థం ఒకటి చెప్పండి సార్, చాలు."

"కూచోప్పా. మాట పుట్టుక తెలీకుండా అర్థం చెప్తే అది చదువేనా?"

ముందు బొరుగుల ఉగ్గాని పెట్టించాడు. తర్వాత నిఘంటువు కావాలన్నాడు. అల్మారా తాళంచెవి కోడలి దగ్గర ఉంది, కోడలు కాలువ అవతల మిరప చేలో ఉంది. ఇద్దరూ కాలువ గట్టున నడిచారు. నీళ్ళలో మబ్బులు తీరిగ్గా కంప్లి వైపు పోతున్నాయి. పంపన్నకు నోటీసు ఇంకెవరికో వచ్చినట్టు అనిపించింది. చేలో తేలిందేమంటే, తాళంచెవి మేష్టారు జేబులోనే ఉంది.

నిఘంటువు తెరిచేసరికి మూడున్నర.

"లాటిన్ మాటప్పా. ప్రో అంటే ముందుకు. క్రాస్ అంటే రేపు. ఈ పొద్దు పని రేపటికి నెట్టేది."

"ఇంతేనా సార్?"

"ఇంతే."

అతను ఇల్లు చేరేసరికి అయిదు దాటింది. ఉద్యోగం తీసేసిన కాగితం పట్టుకుని సుబ్బరామే తలుపు ముందు నిలబడి ఉన్నాడు. తలుపు మీద సున్నంతో కన్నడంలో ‘నాళె బా’ అని ఉంది. రేపు రా అని. రాత్రి తలుపు తట్టే దయ్యం అది చదివి వెనక్కి పోతుందని పంపన్న పెళ్ళాం నేత్రావతి రాసింది. దయ్యం ఆగింది. జ్వరానికి చదువు రాదు. ఆమె పోయి మూడేళ్ళు.

సుబ్బరామి కూడబలుక్కుని చదివాడు.

"రేపు రమ్మని రాసిపెట్టి పోయినావే. నేనొస్తానని యట్ల తెల్సు?"

అది ఎవరికోసం రాసిందో చెప్పబోయి పంపన్న ఆగాడు.

"ఎవురో ఒకరు వస్తారు గద సార్."

సుబ్బరామి గడియారం చూసుకున్నాడు. ఆయనకూ ఇంటికి పోవాలనే ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. రేపే వస్తాలే. అంతదాకా పనికి రా."

రేపు కూడా ఆ తలుపు మీద అదే రాసి ఉంటుంది.