నోరు తెరిచిన సంత

ఆ రోజు ఆంధ్రా సరిహద్దులో, శబరి నది ఒడ్డునున్న కొంటాలో సంత. పొద్దున్నే పొయ్యి మీద జావ కలుపుతూ రామతులసి తన పథకాన్ని ఇంకోసారి మనసులో వల్లె వేసుకుంది. పదకొండింటికి జగదల్‌పూర్ నుంచి డాక్టరమ్మ వస్తుంది. స్కూలు వరండాలో నోటి క్యాన్సర్ శిబిరం. అత్తగారిని అక్కడికి తీసుకుపోవాలి, స్టూలు మీద కూర్చోబెట్టాలి, నోరు తెరిపించాలి. మొదటి రెండూ ఎలాగో అవుతాయి. మూడోది బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు.

అలాగని పార్వతమ్మ నోరు తెరవని మనిషేం కాదు. తెల్లవారింది మొదలు వీధి వీధంతా వినపడేలా తెరిచే ఉంచుతుంది. ఎవరికైనా చూపించాలంటేనే మూసేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడకు గుడాకు అలవాటు. పొగాకూ బెల్లమూ కలిపి చేసిన ఆ నల్లటి ముద్దను వేలితో చిగుళ్ళకు రుద్దుకుంటూ గుమ్మంలో కూర్చుంటే గాని ఆవిడకు తెల్లవారదు. నెలన్నర నుంచి ఎడమ బుగ్గ లోపల పుండు. ఎవరికీ చెప్పలేదు. కోడలు కనిపెట్టేసింది. పచ్చిమిరప తొక్కు లేనిదే ముద్ద దిగని మనిషి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటూ, అదీ కుడివైపే నములుతూ ఉంటే ఆ మాత్రం తెలియదా?

రామతులసి మితానిన్. ఆంధ్రా వైపు ఆశా కార్యకర్త అంటారే, ఆ పని. మూడు వారాలకు మానని పుండును తప్పకుండా డాక్టరుకు చూపించాలని శిక్షణలో నేర్పారు. నేర్చుకున్నదంతా ఊరికి చెప్పబోతే కిందటి నెల అంగన్‌వాడీలో బొమ్మల పుస్తకంలోని మూడో బొమ్మకే గది ఖాళీ అయింది. క్యాన్సర్ అన్న పేరు ఎత్తకూడదట, ఎత్తితే ఇంటికొస్తుందట. "పెద్ద జబ్బు" అనాలన్నా గొంతు తగ్గించే అంటారు. ఇక ఇంట్లో రెండుసార్లు అడిగితే రెండుసార్లూ "నా నోరు, నా ఇష్టం" అని పార్వతమ్మ లేచిపోయింది. తల్లి లేని పిల్లగా ఈ ఇంటికొచ్చింది రామతులసి. తిట్టినా పెట్టినా ఆ ముసలావిడే. ఆవిడకేమైనా అయితే ఆమెకు ఇంకో తల్లి దొరకదు. అందుకే జీవితంలో మొదటిసారి అత్తగారికి ఒక పచ్చి అబద్ధం చెప్పడానికి సిద్ధపడింది.

"అత్తమ్మా, ఇయ్యాల స్కూలు కాడికి డాక్టరమ్మ వస్తున్నది. పళ్ళు ఊడినోళ్ళకు ఫ్రీగా పళ్ళ సెట్టు కడతరంట. కొలతలు తీసుకుంటది. వస్తవా?"

పార్వతమ్మ వేలు నోట్లోంచి తీసి కోడలి వంక చూసింది. "ఫ్రీగనేనా?"

"ఫ్రీగనే."

"మొత్తం నోటికా, ఊడినకాడికేనా?"

"అది... డాక్టరమ్మ చూసి చెప్తది."

"సరే తీ. నువ్వు పో ముందు. నేను సంతల చింతపండు జూసుకొని వస్త."

ఇంత తేలిగ్గా అయిపోతుందని తెలిస్తే ఈ అబద్ధం నెల కిందటే చెప్పేదాన్ని కదా అనుకుంటూ రామతులసి టార్చీ, చేతి తొడుగుల పెట్టే, బొమ్మల పుస్తకమూ సర్దుకుని బయల్దేరింది. భర్త రాంబాబు జీపు వేసుకుని ఎప్పుడో సుక్మా దారి పట్టాడు. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్ళు లేరు. అన్నీ కలిసొచ్చాయి.

స్కూలుకు వెళ్ళేసరికి వరండా మెట్ల మీద అప్పటికే అయిదుగురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. రామతులసికి ఆనందం ఆగలేదు. శిబిరమంటే ఊరంతా తిరిగి చేతులు పట్టి లాక్కొచ్చినా నలుగురు రారు. బెంచీలు జరిపి తలెత్తేసరికి అయిదుగురు పదిహేను మందయ్యారు. టేబులు మీద గుడ్డ పరిచేసరికి గేటు దాకా వరస కట్టారు. అప్పుడు అనుమానం వచ్చింది.

"పళ్ళు ఇయ్యాలనే ఇస్తరా, పై సంతకా?" అని అడిగింది ముందున్న ముసలమ్మ.

రామతులసి జవాబు చెప్పేలోగా శబరి అవతలి నుంచి పడవలో వచ్చిన దోర్ల తెగ పెద్దాయన ఆయతు ముందుకు తోసుకొచ్చాడు. "మంచి గట్టియి కట్టమను. నెలాఖరుకి మా మనవడి పెళ్ళి. మేక కూర నమలాలె." ఆయన వెనక ఉన్నతను గుడ్డ మూట విప్పి ఒక పాత పళ్ళ సెట్టు చూపించాడు. అది చనిపోయిన వాళ్ళ అన్నదట. తనకు వదులవుతోంది గనక కాస్త బిగించి ఇస్తే చాలట, కొత్తది అక్కర్లేదట.

అన్నిటికన్నా ఆమెను భయపెట్టింది వాళ్ళ చేతుల్లోని కాయితాలు. ఈ ప్రాంతంలో ప్రభుత్వం ఏదైనా ఇస్తోందంటే చాలు, ఆధార్ జిరాక్సు, రాషన్ కార్డు జిరాక్సు, రెండు ఫోటోలు అడగకుండానే పట్టుకొస్తారు. అది కొత్త కాదు. కానీ ఈ జిరాక్సుల పైన ఒక ఫారం కూడా ఉంది. హిందీలో పెద్ద అక్షరాలతో "నిఃశుల్క్ దంత్ యోజన", అంటే ఉచిత పళ్ళ పథకం, అని అచ్చయి ఉంది. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊడిన పళ్ళ సంఖ్య. కావలసిన రంగు: తెలుపు, కొంచెం పసుపు.

రామతులసి రోడ్డు దాటి చక్రి జిరాక్స్ దుకాణానికి పరిగెత్తింది. అక్కడ జనం కౌంటరు మీదికి ఎక్కేస్తున్నారు.

"చక్రీ! ఈ ఫారం ఎవరు ఇయ్యమన్నరు నీకు?"

"ఎవరు ఇయ్యాలక్కా? పొద్దుగాల మీ పార్వతమ్మ పెద్దమ్మ వచ్చి పళ్ళు ఇస్తున్నరు అన్నది. ఆమె పోంగనే జనం వచ్చి ఫారం ఏది, ఫారం ఏది అని పానం తీసిండ్రు. ఫారం లేని యోజన ఏడన్న ఉంటదా? నేనే తయారు జేసిన. తప్పులుంటే చెప్పు, దిద్దుత."

"యోజననే లేదురా!"

చక్రి మిషన్ మూత ఎత్తాడు. "అది పైన సర్కారోళ్ళు చూసుకుంటరు తీ అక్కా" అని ఇంకో కాయితాల కట్ట మిషన్లో పెట్టాడు.

ఆమె తిరిగొచ్చేసరికి శిబిరం తనిఖీకి వచ్చిన సాబ్ ఒకాయన జీపు దిగి, చేతిలో ఆ ఫారమే పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం కందగడ్డ అయింది. "ఇంత పెద్ద యోజన! నాకు ఖబర్ లేదు? మీరు ముందే చెప్పాలా, వద్దా?"

"సాబ్, అది యోజన కాదు, నేను..."

"బహానా వద్దు, సాకులు వద్దు!" అన్నాడు సాబ్. తన కింద జరిగే పని తనకే తెలియదని ఇంత మంది ముందు ఒప్పుకునే ధైర్యం ఆయనకు లేదు. నేరుగా వెళ్ళి మైకు అందుకున్నాడు. సర్కారు మీ పళ్ళ గురించి ఎంతో ఆలోచించి ఈ యోజన తెచ్చిందని హిందీలో ప్రకటించాడు. పక్కనున్నవాళ్ళు దాన్ని తెలుగులోకీ, దోర్లీలోకీ, గోండీలోకీ మార్చి వెనక్కి పంపారు. నాలుగు భాషలు దాటి గేటు దగ్గరికి చేరేసరికి ఆ యోజనలో ఇంటికో బంగారు పన్ను కూడా చేరింది. జనం చప్పట్లు కొట్టారు. కోళ్ళు అమ్ముకునేవాళ్ళు గంపలు మూసి మరీ వచ్చారు.

డాక్టర్ వాసవి వచ్చింది సరిగ్గా అప్పుడే. తెలుగువాళ్ళు ఎక్కువున్న కిరందుల్ గని టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు బాగా వచ్చు. ఆ జనాన్ని చూసి ఆమెకు కళ్ళు చెమర్చాయి. "రామతులసి గారూ, కిందటి శిబిరానికి ఎంతమంది వచ్చారో తెలుసా? అయిదుగురు. అందులో ఇద్దరు మా డ్రైవర్లే."

రామతులసి ఆమెను గదిలోకి లాక్కెళ్ళి, ఏడుస్తూ ఉన్నదున్నట్టు చెప్పేసింది. తన అబద్ధం, అత్తగారి పుండు, చక్రి ఫారం, సాబ్ ప్రకటన, దేన్నీ దాచలేదు. డాక్టరమ్మ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత సీరియస్ అయింది. "చీకటి పడకముందే నేను సుక్మా దాటాలి. తెరిచిన నోళ్ళను చూడకుండా మూయించలేను. ప్రతివాళ్ళకీ నేను చూస్తున్నది దేనికో చెప్పే చూస్తాను. పళ్ళు ఇస్తానని మాత్రం అనను. ఆ అబద్ధం మీదండీ, సాయంత్రం దాన్ని మీరే మైకులో సరిదిద్దాలి."

మొదలైంది. డాక్టరమ్మ ఒక్కొక్కరి బుగ్గలూ నాలుక కిందా టార్చి వేసి చూస్తూ, తెల్లమచ్చ గాని ఎర్రమచ్చ గాని కనబడితే ఊరుకోవద్దనీ, మూడు వారాలకు మానని పుండును దాచుకోవద్దనీ, తొందరగా పట్టుకుంటే నయమవుతుందనీ, గుడాకూ ఖైనీ మానమనీ చెప్తూనే ఉంది. వాళ్ళు బుద్ధిగా వింటున్నారు. పళ్ళు ఇచ్చే మనిషి మాట వినకపోతే ఎలా?

రామతులసి కళ్ళు మాత్రం అత్తగారి మీదే ఉన్నాయి. పార్వతమ్మ ఎప్పుడొచ్చిందో వచ్చింది. వచ్చి గేటు దగ్గర కర్ర పట్టుకుని వరసను అదిలిస్తోంది. "తోసుకోకుండ్రి! ఆయతూ, నీ ఎనక నిలబడ్డామెను ముందుకు రానీ!"

"అత్తమ్మా, నీ వంతు, రా."

"ముందు ముసలోళ్ళను కానియ్యి" అంది డెబ్బై దాటిన పార్వతమ్మ.

ఇంకో గంటకు మళ్ళీ పిలిస్తే, ముందు పొరుగూరోళ్ళను కానిమ్మంది. మూడింటికి పిలిస్తే ముందు మగాళ్ళను కానిమ్మంది. ఎండ వరండా దిగి మైదానంలోకి జరిగింది. డాక్టరమ్మ డ్రైవరు అప్పటికే ఒకసారి హారన్ కొట్టాడు. ఊరంతా నోరు చూపించుకుని పోతోంది, చూపించాల్సిన ఒక్క నోరు తప్ప. రామతులసికి ఏడుపు తన్నుకొస్తోంది.

వరస చివర్లో టీ దుకాణం కాశయ్య కూర్చున్నాడు. ఖైనీ నోట్లో వేసుకోకుండా ఒక్క గంట ఉండలేని మనిషి. డాక్టరమ్మ చాలాసేపు చూసింది.

"మీకు ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి కదండీ. ఎందుకొచ్చారు?"

"ఫ్రీ అన్నరు గద మేడమ్. ముందు జాగ్రత్తకి ఒక సెట్టు తీసుకపోదమని."

"మంచి పని చేశారు. పెదవి లోపల తెల్లమచ్చ ఉంది. ఇప్పటికైతే చూడ్డానికి క్యాన్సర్‌లా లేదు, వదిలేస్తే అటు తిరగొచ్చు. ఖైనీ ఈ రోజే మానండి. జగదల్‌పూర్ వచ్చి చిన్న ముక్క పరీక్ష చేయించుకోండి."

కాశయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

అదే సమయానికి బయట గోల మొదలైంది. కొలతలు ఏ టేపుతోనూ తీయలేదేమని ఒకడు అడిగాడు. సాబ్ భరోసా ఇవ్వడానికి ఫారం పైకెత్తి మైకులో మొదటి నుంచి చివరి దాకా చదివాడు. చివర చిన్న అక్షరాల్లో "చక్రి జిరాక్స్. పెళ్ళి పత్రికలు కూడా వేయబడును" అని ఉంది. చదివేశాక గాని ఆయనకు అర్థం కాలేదు. మైకును వేడి గిన్నెలా రామతులసి చేతిలో పెట్టి తన జీపు వైపు నడిచాడు.

రామతులసి మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "అన్నలారా, అమ్మలారా, పళ్ళ సెట్లు లేవు. యోజన లేదు. మా అత్తమ్మ నోట్లో పుండున్నది. చూపెట్టమంటే చూపెట్టదని నేనే అబద్ధం ఆడిన. నన్ను తిట్టుండ్రి. ఆమెనేమి అనకుండ్రి."

తిట్టారు. బాగానే తిట్టారు. తలకో మాట అంటుంటే కాశయ్య లేచి అరిచాడు. "ఆపుండ్రి ఇగ! పళ్ళు లేకపోతే పాయె. పెద్ద జబ్బు పరీక్ష అంటే నేను వచ్చేటోణ్ణా? మీరు వచ్చేటోళ్ళా? క్యాన్సర్ కాకముందే నా మచ్చ దొరికింది. నోరు చూపెట్టినందుకు మీదేం పోయింది చెప్పుండ్రి!"

అతను ఆ పేరు గట్టిగా, పూర్తిగా అన్నాడు. ఎవరి ఇంటికీ ఏమీ రాలేదు. జనం గొణుక్కుంటూ చల్లబడ్డారు. పళ్ళు నిజంగా కావాల్సినవాళ్ళ పేర్లు రాసుకుంటాననీ, హామీ మాత్రం ఇవ్వలేననీ డాక్టరమ్మ అంటే దానికీ సరేనన్నారు.

మైకు కట్టేసి రామతులసి వెనక్కి తిరిగింది. అయిపోయింది, ఇంక అత్తగారు ఈ జన్మలో నోరు తెరవదు అనుకుంది. చూస్తే స్టూలు మీద పార్వతమ్మ కూర్చుని ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి.

డాక్టరమ్మ వేలితో పుండు చుట్టూ తడిమి చూసింది, మెడ కింద నొక్కి చూసింది.

"ఇదిగో, ఈ విరిగిన పన్ను. అంచు రాసుకుని రాసుకుని బుగ్గ పుండైంది. గట్టిదనం లేదు, గడ్డలు లేవు. భయపడాల్సినట్టు నాకు కనబడటం లేదు. అంచు నున్నగా చేసేస్తాను. రెండు వారాల్లో మానాలి. మానకపోతే మాత్రం మర్నాడే రావాలి. గుడాకు డబ్బా ఇప్పుడే నాకిచ్చేయండి, పెద్దమ్మా."

పార్వతమ్మ కొంగు ముడి విప్పి డబ్బా ఇచ్చేసింది. రామతులసి అక్కడే నేల మీద కూలబడి, ఆవిడ మోకాళ్ళు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

"ఊకో పిల్లా, జనం చూస్తున్నరు" అంది పార్వతమ్మ.

"అబద్ధం ఆడినందుకు కోపం లేదా అత్తమ్మా?"

"నీ అబద్ధం నేను నమ్మిననుకుంటున్నవా? బోరింగు బాగు చేయించనోళ్ళు నాకు పళ్ళు కట్టిస్తరా? నీ మొకం చూడంగనే తెలిసింది."

"మరి ఊరంతా ఎందుకు చాటినవు?"

పార్వతమ్మ ఖాళీ కొంగు మళ్ళీ ముడేసుకుంది. "భయమేసిందే. నెలన్నర సంది నాకు నిద్ర లేదు. నేనొక్కదాన్నే పోయి కూసుంటే, పార్వతమ్మకు పెద్ద జబ్బంట అని సంతంత అంటరు. సంతంత నోరు తెరిస్తే, అండ్ల నాదొకటి. ఎవలు చూస్తరు?"

రెండు వారాలకు పుండు మానింది. మానిన మూడో నాడే ఆవిడ పచ్చిమిరప తొక్కు అడిగింది. కాశయ్య పరీక్షలో కూడా క్యాన్సర్ లేదని తేలింది, ఖైనీ మానినందుకు మాత్రం అతను ఊరందరి మీదా విసుక్కుంటున్నాడు. రామతులసి శిబిరం నివేదిక నింపుతూ "జనాన్ని ఏ ప్రచార సాధనం ద్వారా రప్పించారు: పోస్టరు, మైకు, దండోరా, ఇతరములు" అన్న గడి దగ్గర కాస్త ఆగి, "ఇతరములు" మీద టిక్కు పెట్టి పక్కన అత్తగారి పేరు రాసింది.